అండర్-14 సెలెక్షన్స్: నెట్స్‌లో ఆరు బంతులా, రెండు ఆదివారాల మ్యాచ్‌లా?

హైదరాబాద్‌లో కాస్త పేరున్న క్రికెట్ క్లబ్బు అండర్-14 సెలెక్షన్స్ పెట్టిందంటే వంద మందికి పైగా పిల్లలు రావడం మామూలే. టీమ్‌కు కావలసింది 15 మంది. వాళ్లను ఏరడానికి ఒక్కపూట నెట్స్ (వలల మధ్య బ్యాటింగ్, బౌలింగ్ సాధన) పెట్టొచ్చు, ఫిట్‌నెస్ పరీక్షలు పెట్టొచ్చు, నెల రోజుల క్యాంపు నడపొచ్చు, లేదా మ్యాచ్‌లు ఆడించి చూడొచ్చు. నా ఓటు మ్యాచ్‌లకే.

అయినా ఎక్కువ చోట్ల నెట్సే ఎందుకు నడుస్తాయంటే, క్లబ్బుకు అదే తేలిక. 120 మంది వచ్చారనుకోండి. నాలుగు నెట్స్ ఉంటే ఒక్కోదానికి 30 మంది. లోపలికి వెళ్లి ఆరు బంతులు ఆడి బయటికి రావడానికి ఐదు నిమిషాలు. రెండున్నర గంటల్లో బ్యాటింగ్ చూడటం అయిపోతుంది. కానీ ఆ ఆరింటిలో రెండు వైడ్లు, ఒకటి నెత్తి మీద నుంచి పోయే ఫుల్‌టాస్ అయితే పిల్లవాడికి మిగిలేవి మూడే. బంతి వేసేది కూడా అతనంత టెన్షన్‌లో ఉన్న ఇంకో పిల్లవాడే కదా! నెట్స్‌లో వికెట్ల మధ్య పరుగు కనిపించదు, ఫీల్డింగ్ కనిపించదు, కీపర్ సంగతి సరేసరి. పొడుగ్గా ఉండి వేగంగా వేసే బౌలర్ ఒక్క ఓవర్లో కంట్లో పడతాడు. లెగ్ స్పిన్నర్‌కు చేయి కుదరడానికే ఓవర్ పడుతుంది, ఈలోపు ‘నెక్స్ట్’ అని పిలుపు వచ్చేస్తుంది.

ఫిట్‌నెస్ పరీక్షలకు వాటి చోటు వాటికి ఉంది. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతి ప్రవేశాలకు 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిల్చున్నచోటి నుంచి లాంగ్‌జంప్, మెడిసిన్ బాల్ విసరడం లాంటివి పెడతారు. అక్కడ అది సబబే. ఏ ఆటా ఇంకా నేర్వని చిన్నపిల్లల్లో ఒంటి చురుకు చూడాలి, ఆట తర్వాత నేర్పొచ్చు. పదమూడేళ్ల క్రికెటర్లకు అవే పెడితే మాత్రం ఎవరు ముందు ఎదిగారో తెలుస్తుంది తప్ప ఎవరికి ఆట తెలుసో తెలియదు.

నెల రోజుల క్యాంపు అంటే నాకు గౌరవం ఉంది. మిథాలీ రాజ్ చిన్నప్పుడు అన్న వెంట సికింద్రాబాద్‌లోని సెయింట్ జాన్స్ క్యాంపుకు వెళ్లి, పక్కన బంతులు ఆడుతుండగా కోచ్ జ్యోతిప్రసాద్ కంట్లో పడింది. ఆ అమ్మాయి ఏ ట్రయల్స్ వరుసలోనూ లేదు. రోజూ చూసే కంటికే అలాంటివి దొరుకుతాయి. మరి క్యాంపే మేలు అనొచ్చు కదా? నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే పిల్లవాడిని తలుచుకుంటే ఆ మాట అనలేను. నెల రోజులు నగరంలో ఎవరింట్లో ఉంటాడు? తోడు వచ్చే నాన్న ఎన్ని రోజుల కూలి వదులుకుంటాడు? అందరినీ తీరిగ్గా చూడాలని పెట్టిన క్యాంపు, చివరికి గ్రౌండ్ పక్కన ఇల్లున్నవాళ్ల క్యాంపుగా మిగులుతుంది. ఈ ఒక్క విషయంలో ఒక్కపూట నెట్సే నయం. ఒక బస్సు టికెట్‌తో వచ్చి వెళ్లిపోవచ్చు.

అందుకే మధ్యేమార్గంగా రెండు ఆదివారాల మ్యాచ్‌లు. ముందు శనివారం నెట్స్ పెట్టి 120 మందిని 48కి తేవాలి. ఆరు బంతులు కాదు, రెండు విడతలుగా పన్నెండు. తీసెయ్యాలా వద్దా అని అనుమానం వస్తే ఉంచెయ్యడమే. తర్వాత ఎనిమిదేసి మందితో ఆరు టీమ్‌లు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో పిల్లలకు జంటల క్రికెట్ ఆడిస్తారు, అదే ఇక్కడికి సరిపోతుంది. నాలుగు జంటలు, ఒక్కో జంటకు నాలుగు ఓవర్ల బ్యాటింగ్. అవుటైతే పరుగులు కోస్తారు గానీ పెవిలియన్‌కు పంపరు. ఎనిమిది మందీ తలా రెండు ఓవర్లు వేస్తారు. కీపింగ్ వచ్చినవాళ్లు గ్లవ్స్ మార్చుకుంటారు. రెండో ఆదివారం టీమ్‌ల్లో పిల్లల్ని అటూఇటూ మార్చి మళ్లీ ఆడిస్తే, ఒక్కొక్కరూ సుమారు 24 బంతులు ఆడి 24 వేసినట్టు అవుతుంది. మొదటి బంతికే అవుటైన పిల్లవాడు రెండో బంతిని ఎలా ఆడతాడో చూడగలగడం నా దృష్టిలో దీని అసలు లాభం.

ఖర్చు ఉంది, కాదనను. ఆదివారం గ్రౌండ్ దొరకడమే కష్టం, దొరికితే అద్దె. కిట్ లేని పిల్లలకు ప్యాడ్లు, హెల్మెట్ క్లబ్బే ఇవ్వాలి. అరువు హెల్మెట్ కోసం గేటు దగ్గర బతిమాలుకునే పిల్లవాడు లోపలికి వచ్చి నిబ్బరంగా ఆడాలంటే ఎలా?

మ్యాచ్‌లు పెట్టినంత మాత్రాన సెలెక్టర్ల కళ్లు సరవుతాయా అంటే, కావు. బీసీసీఐ జూనియర్ టోర్నీలకు వయసు లెక్క సెప్టెంబరు 1 నుంచి. సెప్టెంబరులో పుట్టినవాడికీ వచ్చే ఆగస్టులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే బెత్తెడు ఎత్తు కూడా కావొచ్చు. వయసు లెక్క జనవరి నుంచి మొదలయ్యే కెనడా జూనియర్ ఐస్ హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపికవుతున్నారని రోజర్ బార్న్స్‌లీ 1985లోనే చూపించాడు. మరి పుట్టినతేదీల జాబితా సెలెక్టర్ల చేతికిస్తే చాలదా? చాలదు. నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ స్కౌట్లతో (ఆటగాళ్లను వెతికి ఏరేవాళ్లతో) చేసిన పరిశోధన ఒకటి 2017లో అచ్చయింది. తేదీలు చెప్పినా, వయసులో పెద్దవాళ్ల వైపు వాళ్ల మొగ్గు మారలేదు. చొక్కా నంబర్లను వయసు వరుసలో ఇచ్చినప్పుడు మారింది. మనకు దీనికి పైసా ఖర్చు లేదు. అందరికంటే పెద్దవాడికి 1వ నంబరు బిబ్ (చొక్కా మీద తొడిగే నంబరు గుడ్డ), చిన్నవాడికి 48. నలభై నంబరు దాటిన పిల్లవాడు నిలబడి ఆడుతుంటే కాస్త ఆగి చూడాలని సెలెక్టర్‌కు ఆ బిబ్బే గుర్తు చేస్తుంది.

ఇక పైరవీ. ఫోన్లు వస్తాయి, ఆపలేం. ముగ్గురు సెలెక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే మార్కులు రాసి సంతకం పెట్టి ఇచ్చేస్తే, ఆ తర్వాత వచ్చే ఫోన్‌కు పని ఉండదు. సొంత అకాడమీ పిల్లలున్న మ్యాచ్‌కు ఆ కోచ్ మార్కులు వేయకూడదు.

ఫలితం చెప్పే తీరు మాత్రం ఏ పద్ధతి పెట్టినా మారాల్సిందే. రాత్రి వాట్సాప్ గ్రూపులో 15 పేర్లు పడతాయి. తన పేరు కోసం ఎంపిక కాని పిల్లవాడు జాబితా పైకీ కిందికీ వెతుక్కుంటాడు. మ్యాచ్‌ల దాకా వచ్చి ఎంపిక కానివాళ్లు 33 మంది. ముగ్గురు సెలెక్టర్లు తలా 11 మందికి ఐదేసి నిమిషాలు ఫోన్ చేస్తే గంటలో అయిపోతుంది. ఏం బాగుంది, దేని మీద సాధన చేయాలి అనే రెండు ముక్కలు చాలు. సీజన్ మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలితే, ఎవరైనా ఊరు మారితే, కొత్తగా నెట్స్ పెట్టకుండా ముందు ఆ 33 మంది మార్కుల కాగితం తీయాలి.