చిన్నతాత పుస్తకం కోసం తిరిగిన చోట్లు: ఢిల్లీ, లండన్ దగ్గరి క్యూ, కోహిమా

మా తాతగారి తమ్ముడు మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో సిపాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్‌లో, కోహిమా నుంచి ఇంఫాల్ వెళ్లే రోడ్డు మీద మందుపాతరలు తీస్తూ చనిపోయారు. ఇంట్లో మిగిలినవి ఒక టెలిగ్రాం, ఒక పెన్షన్ కాగితం. ఆయన మీద పుస్తకం రాస్తున్నాను. ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్లకు ఏ చోటు ఎంతవరకు పనికొస్తుందో చెబుదామని ఇది రాస్తున్నాను.

ఇల్లు కదలకముందే, యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధులు, రికార్డులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ చూడండి. పైసా కట్టక్కర్లేదు. మన పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగులు రకరకాలు కాబట్టి సర్వీస్ నంబరుతో వెతకడం మేలు. చిన్నతాత వివరాల్లో ర్యాంకు, తేదీతో పాటు తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా ఉన్నాయి. చిన్ననాయనమ్మ పేరు ఒక అధికారిక రికార్డులో చూడటం నాకదే మొదటిసారి.

ఢిల్లీలో జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లేముందు వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెతికి, ఫైల్ నంబర్లు రాసుకుని వెళ్లండి. సైన్యంలో భర్తీ ఎలా జరిగేదో అర్థం కావడానికి ఆ ఫైళ్లు బాగా ఉపయోగపడ్డాయి. ఒక్క సిపాయి జాడ కోసమే అయితే మాత్రం ఢిల్లీకి ఎక్కువ రోజులు కేటాయించనక్కర్లేదు.

అసలు పుస్తకం పుట్టింది లండన్ శివార్లలోని క్యూలో, బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో. బర్మా రంగంలో పోరాడిన దళాల యుద్ధ డైరీలు అక్కడ డబ్ల్యూఓ 172 అనే వరుసలో ఉన్నాయి. గుర్తింపు పత్రం, చిరునామా రుజువు చూపిస్తే రీడర్స్ టికెట్ ఉచితంగా ఇస్తారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. మన ఫోనుతో ఎన్ని ఫొటోలైనా తీసుకోవచ్చు. ఆది, సోమవారాలు సెలవు. బస ఖర్చు మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. అయినా కాస్త ఎక్కువ పెట్టి నడిచి వెళ్లేంత దూరంలోనే గది తీసుకోండి, పొద్దున్నే కూర్చుంటేనే పని తెమిలేది.

ఆ డైరీల్లో తేదీ, సమయం, స్థలం, జరిగింది అని గడులుంటాయి. వాన, బురద, కొట్టుకుపోయిన కల్వర్టు, మళ్లీ వాన. అధికారి గాయపడితే పేరు రాశారు. సిపాయి పోతే అంకె వేశారు. మా టెలిగ్రాంలో ఉన్న తేదీకి ఎదురుగా 'ఇద్దరు ఐఓఆర్‌లు మృతి, ఒకరికి గాయాలు' అని మాత్రమే ఉంది. ఐఓఆర్ అంటే ఇండియన్ అదర్ ర్యాంక్స్, అంటే అధికారులు కాని భారతీయ సైనికులు. వాళ్లందరినీ అలాగే లెక్కపెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు మా చిన్నతాత. రెండో ఆయన ఎవరు? అదే తేదీతో కమిషన్ రికార్డుల్లో వెతికితే ఆయన పేరూ దొరికింది. ఒక్కడి జీవితచరిత్ర రాద్దామని మొదలుపెట్టిన నేను, అప్పుడే దాన్ని వాళ్లున్న సైనిక దళం, ఆ కంపెనీ మొత్తం కథగా మార్చాలని నిర్ణయించుకున్నాను.

కోహిమాకి డైరీ చదివాకే వెళ్లాలి. చదవకుండా వెళ్తే అవి అందమైన కొండలే. దిమాపూర్ దాకా రైలో విమానమో, అక్కడి నుంచి 74 కిలోమీటర్లు రోడ్డు. నాగాలాండ్‌లోకి వెళ్లడానికి కావాల్సిన అనుమతి, ఇన్నర్ లైన్ పర్మిట్, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. అందరూ అక్టోబర్ తర్వాత రమ్మంటారు. నేను కావాలనే జూన్‌లో వెళ్లాను. విశ్వేమా వైపు టాక్సీ బురదలో దిగబడి, దిగి నడవాల్సి వచ్చినప్పుడు డైరీలోని ఆ వాన ఏమిటో తెలిసింది. కొండచరియలు విరిగిపడతాయన్న టెన్షన్ ఉంటుంది కాబట్టి చేతిలో ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు కోసం జపాన్ సైన్యం, బ్రిటిష్-ఇండియా సైన్యం కొట్టుకున్న కొండే ఇప్పుడు యుద్ధ శ్మశానవాటిక. కోర్టు గీతలు ఇంకా కనిపిస్తాయి. 1,420 సమాధులున్నాయి. చాలామంది అవి చూసి దిగిపోతారు. దయచేసి పైదాకా ఎక్కండి. అక్కడ, అన్నిటికంటే ఎత్తులో, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంది. డైరీలో అంకెలుగా మిగిలినవాళ్లు అక్కడ పేర్లతో ఉన్నారు. ఆ ఇద్దరి పేర్లూ వేలితో తడిమి చూశాను.

మొదట దిగిన హోటల్లో బుకింగ్‌లో రాసిన వేడినీళ్లు లేవు, తడి బట్టలు ఆరే దారీ లేదు. మర్నాడే ఒక హోమ్‌స్టేకి మారాను. ఖర్చు తక్కువ, పొయ్యి పక్కన వెచ్చదనం, అన్నిటికీ మించి ఆ ఇంటి పెద్దావిడ. యుద్ధం నాటికి ఆవిడ చిన్నపిల్ల. ఊరు తగలబడుతుంటే అడవిలోకి ఎలా పారిపోయారో, తిరిగొచ్చాక ఇంటి గుర్తు కూడా ఎలా దొరకలేదో ఆవిడ చెబుతుంటే కొడుకు నాకు హిందీలోకి మార్చి చెప్పాడు. మా సైనికుల కథలో వాళ్ల ఊరి కథ లేకపోతే ఈ పుస్తకం సగమే. అచ్చుకు ఇచ్చేముందు ఆ అధ్యాయం చదివి వినిపిస్తానని ఆవిడకు మాటిచ్చాను. డిసెంబర్ మొదట్లో హార్న్‌బిల్ పండుగకు గదులు దొరకవు కాబట్టి, జనవరికి అదే గది చెప్పి పెట్టుకున్నాను.