ఆర్గాన్ టార్చికి సొంత వాటర్ కూలర్: కొన్నేళ్లు వాడిన అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో ఆర్గాన్ (టిగ్) వెల్డింగుతో అల్యూమినియం అతికేవాళ్లకి టార్చి వేడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపులు, పల్చటి రేకులు అతికినంతవరకు గాలికి చల్లబడే డబ్ల్యూపీ-17 మోడల్ టార్చి హాయిగా సరిపోతుంది. దానికి చెప్పే 150 ఆంపియర్లు డీసీ కరెంటు లెక్క. గేర్‌బాక్స్ కేసింగు లాంటి మందపాటి పోత మీద ఏసీ కరెంటు పెట్టి పగుళ్లు పూడ్చే పని వచ్చిందంటే కాసేపటికే గ్లౌజుల్లోంచి కూడా హ్యాండిల్ పట్టుకోలేం. ఏసీలో టార్చి మొనలోని టంగ్‌స్టన్ కడ్డీ మీద పడే వేడి చాలా ఎక్కువ. 200 ఆంపియర్ల డబ్ల్యూపీ-26 ఉంది గానీ తల పెద్దది, కేబుల్ బరువు, మూలల్లోకి దూరదు. నీటితో చల్లబడే డబ్ల్యూపీ-20 తల చిన్నది, 250 ఆంపియర్లు మోస్తుంది. దానికి మారాను, కూలర్ మాత్రం కొనకుండా సొంతంగా కట్టుకున్నాను. కొన్నేళ్లుగా మా షెడ్డులో పని నడుస్తున్నది దాని మీదే.

కట్టబోయేవాళ్లు ముందు టార్చి లోపలి సంగతి తెలుసుకోవాలి. పంపు నుంచి వచ్చే నీళ్లు ఒక సన్న గొట్టంలో నేరుగా తలకి వెళ్తాయి. తిరిగి వచ్చేది కరెంటు కేబుల్ ఉన్న గొట్టంలోంచి. రాగి తీగ నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టే అంత సన్నగా ఉండి కూడా అంత కరెంటు మోయగలుగుతోంది. ఎక్కువ ఆంపియర్ల మీద నీళ్లు ఆగిపోతే ఆ గొట్టం ఎంతోసేపు నిలవదు, కరిగి చిల్లు పడుతుంది. అందుకని నా కూలర్‌లో నేను డబ్బు పెట్టిందంతా నీటి పారకం మీదే. చల్లదనం దానంతటదే వస్తుంది.

ఎందుకంటే లెక్క చాలా తేలిక. నిమిషానికి లీటరు నీళ్లు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 700 వాట్ల వేడిని మోసుకెళ్లినట్టు. ఈ సైజు టార్చికి నిమిషానికి లీటరు చాలు. 25 లీటర్ల డబ్బా పెట్టుకుంటే, ఆ 700 వాట్లూ అందులోకే చేరినా, ఒక డిగ్రీ పెరగడానికి రెండు నిమిషాల పైనే పడుతుంది. గంటలో ఇరవై నిమిషాలు ఆర్క్ వెలిగినా పెరిగేది ఎనిమిది డిగ్రీలు. అప్పుడప్పుడూ అతికేవాళ్లకి రేడియేటరే అక్కర్లేదు, పెద్ద డబ్బా చాలు. నాకు రోజంతా పని కాబట్టి పెట్టాను.

అసలు కష్టమంతా పంపుతోనే. ఎయిర్ కూలర్లో వేసే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు ఇక్కడ పనికిరాదని గట్టిగా చెబుతున్నా. అది నీటిని ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తుకి ఎత్తగలదు, అంతే. టార్చి లోపలి దారులు సన్నం, అందులోంచి నీళ్లు తోయాలంటే ప్రెషర్ కావాలి. కంపెనీ కూలర్లలో చాలావాటికి ఇత్తడి వేన్ పంపులు ఉంటాయి, ఖరీదు ఎక్కువ. నేను వాడేది రైతులు మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లోని 12 వోల్టుల డయాఫ్రం పంపు, లోపల రబ్బరు పొర కదులుతూ నీళ్లు తోస్తుంది. ఎరువుల కొట్లు ఉన్న ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది, విడిభాగాలు కూడా దొరుకుతాయి. నాకు దాని మీద గౌరవం అందుకే. అయితే దాన్ని ఉన్నదున్నట్టు తగిలించకూడదు. టార్చి గొట్టాల్లో ప్రెషర్ 50 పీఎస్ఐ దాటకుండా చూడాలి, ఈ పంపులు అంతకు చాలా పైకి పోతాయి. పైగా దాని ప్రెషర్ స్విచ్చి మాటిమాటికీ పంపుని ఆపి మళ్లీ వేస్తుంటుంది, నీళ్లు తెరలు తెరలుగా వస్తాయి. పంపు తర్వాత మూడు దారుల టీ జాయింటు ఒకటి వేసి, చిన్న వాల్వుతో కొంత నీటిని తిరిగి డబ్బాలోకే వదిలాను. పక్కనే గేజు. 40 దగ్గర సర్దితే పంపు ఆగకుండా ఒకే తీరుగా నడుస్తుంది. పంపుకి ముందు జాలీ ఫిల్టరు తప్పనిసరి. డయాఫ్రం అరిగే వస్తువే, గేజు మునుపటంత చూపించనప్పుడు మారుస్తాను.

నీళ్లు పారుతున్నాయో లేదో కనిపెట్టే ఫ్లో స్విచ్ లేకుండా ఈ కూలర్ ఎవరూ కట్టొద్దు. తిరిగొచ్చే నీటి దారిలో పెట్టి, దాని వైర్లని టార్చి బటన్ వైరుకి సిరీస్‌లో కలిపాను. నీళ్లు పారకపోతే బటన్ నొక్కినా ఆర్క్ పుట్టదు. గొట్టం మడతపడినా, పంపు ఫ్యూజు పోయినా టార్చి బతికిపోతుంది. రీడ్ స్విచ్చి (అయస్కాంతానికి కలిసే స్విచ్చి) ఉన్న మామూలు మెకానికల్ రకమే తీసుకోండి. ఆర్క్ పుట్టించడానికి హైఫ్రీక్వెన్సీ కరెంటుతో స్టార్ట్ కొట్టినప్పుడల్లా ఎలక్ట్రానిక్ సెన్సర్లు పిచ్చి రీడింగులు చూపిస్తాయి, నా డిజిటల్ థర్మామీటర్ ఇప్పటికీ అంతే. పంపుకి కరెంటు కూడా పాతకాలపు ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి రెక్టిఫైర్‌తోనే ఇస్తున్నా.

నీళ్ల విషయంలో బోరునీళ్ల ఆలోచనే వద్దు, గార కట్టి సన్న దారులు మూసుకుపోతాయి. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ మంచిది. కార్ల కూలెంటు కూడా వద్దు. అది కరెంటుని బాగా పారనిస్తుంది, స్టార్ట్ కోసం పుట్టే హైఫ్రీక్వెన్సీ నీళ్లలోంచి పంపు వైపు కారిపోతుంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టే చలి ఎటూ లేదు. డబ్బా ప్లాస్టిక్‌దే కావాలి, నల్లగా ఉండాలి. వెలుతురు తగిలితే పాచి పడుతుంది.

రేడియేటర్ గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. పాత కారు హీటర్‌లోని చిన్న రేడియేటర్ (హీటర్ కోర్), రాగి-ఇత్తడిది. ఆటోనగర్ రేడియేటర్ షాపాయన "ఇత్తడిదైతే టంకం పెట్టి ఇస్తానండీ, అల్యూమినియందైతే ఆశ వదిలేయడమే" అన్నారు. టార్చి రాగి, రేడియేటర్ అల్యూమినియం అయితే ఒకే నీళ్లలో అల్యూమినియం తినుకుపోతుంది కూడా. నా రేడియేటర్‌ని రబ్బరు బుష్షుల మీద నిలబెట్టి, బాడీ ఇనుముకి తగలకుండా చూశాను. ఫ్యాను గాలి పని బల్ల వైపు రాకూడదు, ఆర్గాన్ చెదిరి అతుకులో బెజ్జాలు పడతాయి. గ్రైండింగు ధూళికి కూడా దూరం.

మే నెలలో షెడ్డు గాలే 42, 43 డిగ్రీలు ఉంటే నీళ్లు అంతకన్నా చల్లబడవు, అయినా టార్చికి బాధ లేదు, చేతికి గోరువెచ్చగా ఉంటుంది. ఆ ఉక్కకి డబ్బాలో ఐసు వేద్దామని మాత్రం అనుకోవద్దు. ముఖ్యంగా వానాకాలంలో. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎంతో తెలిసిందే. నీళ్లు బయటి గాలి కన్నా బాగా చల్లగా ఉంటే టార్చి తల లోపల చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ ఆర్క్‌లో విడిపోయి హైడ్రోజన్‌గా అల్యూమినియంలోకి పోతుంది. అతుకు పైకి బాగానే కనబడి, కోస్తే లోపలంతా సన్న బెజ్జాలు.

మొత్తం ఖర్చు కొత్త కూలర్ ధరలో మూడో వంతు కూడా కాలేదు. అయితే 150 ఆంపియర్ల లోపు పని చేసేవాళ్లకి ఇదంతా దండగ, గాలి టార్చి ఇంకొకటి కొని ఒకటి వేడెక్కినప్పుడు రెండోది పట్టుకోండి. పగలంతా ఏసీలో మందపాటి అల్యూమినియం చేసేవాళ్లు ధైర్యంగా కట్టుకోవచ్చు. ఫ్లో స్విచ్‌కి, గేజుకి డబ్బు సరిపోకపోతే సరిపోయేదాకా ఆగండి, రేడియేటర్ తర్వాతైనా తగిలించుకోవచ్చు. అమెరికన్ పద్ధతి ఫిట్టింగులు కొంటే నీటి నట్టు ఎడమ మర, గ్యాస్ నట్టు కుడి మర ఉంటుంది, కొట్లోనే తిప్పి చూసుకుని తెచ్చుకోండి.