లావెక్కడం ఎవరి తప్పు: నోటిదా, వీధిదా?

ఒళ్లొస్తే మన విశాఖలో రెండు తీర్పులు వినబడతాయి. ఒకటి, "నోరు కట్టుకోలేడు, ఒళ్లు వంచడు." రెండోది, "ఈ కాలం తిండీ, ఉద్యోగాలూ అలా ఏడ్చాయి."

మొదటిదాంట్లో నిజం లేకపోలేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డును బండ్లు ఆపేసి నడిచేవాళ్లకు వదిలేస్తారు. దుప్పటి తీయాల్సింది మనమే. గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 క్యాలరీలు. వచ్చేదారిలో రెండు బజ్జీలు లాగిస్తే చెల్లుకు చెల్లు. (నాకు మూడో బజ్జీ దగ్గర లెక్క తప్పుతుంది.)

కానీ లోపం పట్టుదలదే అయితే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న ఆడవాళ్లు 2015-16లో 20.6 శాతం ఉంటే 2019-21కి 24 శాతం ఎలా అయ్యారు? దేశమంతటికీ ఒక్కసారిగా బద్ధకం పుట్టిందా? మారింది చుట్టూ ఉన్న బతుకు. మధురవాడ ఐటీ కొండ మీద రాత్రి షిఫ్టు చేసే పిల్లకి నిద్ర చాలదు. నిద్ర తగ్గితే ఆకలిని నడిపే హార్మోన్లు గాడి తప్పుతాయి. అర్ధరాత్రి ఫోను నొక్కితే బిర్యానీ గుమ్మంలోకొస్తుంది. తోడుగా 300 మిల్లీలీటర్ల కోలా, అందులో 30 గ్రాములకు పైగా చక్కెర. జన్యువుల వాటా వేరే: ఒకే వంట తిన్న అన్నదమ్ములు ఒకేలా లావెక్కరు.

నా మొగ్గు రెండోదానివైపే. అయినా అలారం మాత్రం అయిదింటికే పెట్టుకుంటున్నాను.