ఆగి ఆగి నడిచే డీజిల్ వ్యాను, అగ్గిపెట్టెంత స్కానరు

ఓబీడీ స్కానర్ అంటే స్టీరింగ్ కింద ఉండే పోర్టులో గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడే చిన్న పరికరం. దాని గురించి రాసేవాళ్లంతా అది తప్పు కోడ్లు ఎలా చదువుతుందో రాస్తారు. వెయ్యి రూపాయల లోపు దొరికే ఏ స్కానరైనా ఆ పని చేస్తుంది కాబట్టి నేను దాని జోలికి పోను. చాలాకాలంగా వాడుతున్న నాకు దీని మీద ఇష్టం కలిగించింది ఒకే ఒక్క సౌకర్యం. బండి నడుస్తుండగా ఇంజిన్ లెక్కలన్నీ ఫోన్లో రికార్డు చేసి, తర్వాత గ్రాఫు గీసి చూపిస్తుంది.

మాది చెన్నై పెరంబూరులో క్యాటరింగ్ పని. గిన్నెలు, పొయ్యిలు, మనుషులు అన్నీ ఒకే వ్యానులో పోవాలి. బండి 2013 నాటిది, కామన్ రైల్ డీజిల్. అంటే హై ప్రెషర్ పంపు డీజిల్‌ను రైల్ అనే ఒకే గొట్టంలోకి ఎక్కిస్తుంది, ఇంజెక్టర్లు అక్కడి నుంచి తీసుకుని ఇంజిన్లోకి చిమ్ముతాయి. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు, వయసుది. నడిచినన్నాళ్లూ బాగానే నడిచింది. ఆ తర్వాత హైవే మీద లోడుతో పోతుంటే ఉన్నట్టుండి పికప్ పడిపోవడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇంజిన్ లైటు వెలుగుతుంది, కాసేపటికి బండే ఆగిపోతుంది. పక్కకు తీసి ఒక టీ తాగి వచ్చి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఒకోసారి కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కుతుండగా వచ్చేది, ఒకోసారి నెల్లూరు దాకా పోయి వచ్చినా రాదు. గ్యారేజీలో నిలబెట్టి ఎంత రేస్ ఇచ్చినా అస్సలు రాదు.

మొదటి గ్యారేజీలో స్కానర్ పెట్టి పి0087 అన్నారు. రైల్ గొట్టంలో డీజిల్ ప్రెషర్ తక్కువని దాని అర్థం. అన్న మరుక్షణం కోడ్ చెరిపేశారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, స్పీడ్ ఎంత, లోడ్ ఎంత అన్నది కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాచిపెడుతుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే జబ్బుకు ఉన్న ఆధారం అంతా అదే, దాన్ని తుడిచేసి "క్లియర్ చేశాం సార్, నడిపి చూడండి" అంటారు. మీరు ఎక్కడికి తీసుకెళ్లినా సరే, చెరపకముందే ఆ పేజీని ఫోటో తీసి ఇమ్మని అడగండి.

రెండో చోట క్రాంక్ సెన్సర్ అన్నారు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పేది అదే. వేడెక్కితే సిగ్నల్ పోవడం, చల్లారితే రావడం దాని లక్షణమే, కాబట్టి ఆ మాట తీసిపారేసేది కాదు. మూడో చోట హై ప్రెషర్ పంపు దించి పంప్ షాపుకు పంపాలన్నారు, ఖర్చు అర లక్ష పైమాటే. ఇంజెక్టర్లు వాడకుండా వెనక్కి పంపే డీజిల్‌ను సీసాల్లో పట్టి చూస్తే నాలుగూ ఒకేలా వచ్చాయి, అందువల్ల అనుమానమంతా పంపు మీదికే పోయింది. ఈ స్కానర్ కొన్నది అప్పుడే, పంపు విప్పించడానికి ముందు.

మా డ్రైవరుది సూళ్లూరుపేట. అతను నడుపుతుంటే పక్కన కూర్చుని ఫోన్ పట్టుకోవడం నా పని. నాయుడుపేటలో పెళ్లికి సామాను వేసుకుని పోతున్నాం, తడ దాటాక, "అన్నా, మళ్లీ నీరసపడతా ఉండాది" అన్నాడు. రికార్డింగ్ అప్పటికే నడుస్తోంది. బండి పక్కకు తీశాక అక్కడే చెట్టు కింద గ్రాఫు తెరిచాం. ఎర్ర గీత రైల్ ప్రెషర్, నీలం గీత ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ తిరిగే వేగం. ఎర్ర గీత 1,100 బార్ నుంచి 900కి, 600కి, ఆపైన 400 లోపలికి జారింది. అంతసేపూ నీలం గీత 2,300 దగ్గరే ఉంది. ప్రెషర్ పూర్తిగా పడ్డాక గానీ ఆర్‌పీఎం దిగడం మొదలుపెట్టలేదు, అదీ మెల్లగా.

క్రాంక్ సెన్సర్ అనుమానం అక్కడితో తీరిపోయింది. సెన్సర్ సిగ్నలే పోతే, గేరులో ఉన్న చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉన్నా ఆర్‌పీఎం ఒక్క దెబ్బకు సున్నా చూపిస్తుంది. ఇక్కడ ముందు పోయింది ప్రెషర్, అంటే డీజిలే అందడం లేదు. ఆ గ్రాఫు చేతిలో ఉంటే మెకానిక్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది. అప్పటిదాకా మనం చెప్పేది లక్షణం, వాళ్లు చెప్పేది ఊహ.

అయితే స్కానర్ గొప్ప అక్కడితో సరి. పంపు చెడినా ప్రెషర్ పడుతుంది, పంపుకు డీజిల్ రాకపోయినా పడుతుంది. మా బండిలో పంపుకు ముందు ఏ సెన్సరూ లేదు. ట్యాంకులో కరెంటు పంపు కూడా లేదు, ముందున్న పంపే డీజిల్‌ను ట్యాంకు నుంచి లాక్కోవాలి. ఆ దారిలో ఏం జరుగుతోందో ఎంత ఖరీదైన స్కానరూ చూడలేదు.

అక్కడి నుంచి కథ నడిపింది చెన్నై పుదుపేటలో ఒక పెద్దాయన, పాతకాలం మెకానిక్. గ్రాఫు చూసి తలూపాడు, ఫోన్ నా చేతికిచ్చేసి ఒక క్యాను, రెండు గజాల తెల్ల ట్యూబు తెచ్చాడు. ట్యాంకు లైను విప్పేసి, క్యాను క్లీనరు కాళ్ల దగ్గర కట్టి, అందులోంచి ఫిల్టరుకు డీజిల్ ఇచ్చాడు. లోపల ఏం పోతోందో తెలియడానికే తెల్ల ట్యూబు. లాక్కునే వైపు లైన్లో చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, ట్యూబులో బుడగలు కనిపిస్తాయి. మాకు ఒక్క బుడగా రాలేదు. ఇసుక బస్తాలు వేసుకుని రెడ్ హిల్స్ అవతలి దాకా తొక్కుకుంటూ పోయి వచ్చాం. ఎర్ర గీత ఎక్కడా కుంగలేదు. పంపు బాగుంది, ఫిల్టరు బాగుంది, జబ్బు ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్యలో ఎక్కడో ఉంది.

ఆ లైనుకు అంతకుముందు గ్యారేజీలో గాలి కొట్టి చూసి బాగుందనే అన్నారు. అదే చెబితే పెద్దాయన నవ్వి, "గాలి కొడితే పోతుంది సార్, లాగితే రాదు" అన్నాడు. సైలెన్సరుకు దగ్గరగా పోయే రబ్బరు ట్యూబు ఊడదీసి, బ్లేడుతో నిలువునా కోసి చేతిలో పెట్టాడు. బయటంతా మెరుస్తూ కొత్త దానిలా ఉంది. లోపలి పొర మాత్రం వేలు పొడవున లేచి, నల్లగా మెత్తబడి, ఒక వైపే అతుక్కుని వేలాడుతోంది. లోడు పెరిగి పంపు గట్టిగా లాగినప్పుడు, అందులోనూ రబ్బరు వేడి మీద ఉన్నప్పుడు, ఆ పొర దారికి అడ్డం పడుతుంది. బండి ఆగితే లాగుడు పోయి వెనక్కి వాలుతుంది. టీ తాగి వస్తే బాగైపోయే రోగం అదన్నమాట. కొత్త డీజిల్ ట్యూబు, రెండు క్లిప్పులు, పెద్దాయన కూలీ కలిపినా పంప్ షాపు వాళ్లు అడిగిన దాంట్లో ఓ మూలకు రాలేదు.

పాత మెకానిక్‌ల దగ్గరికి వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత ఇంజిన్ల అలవాటు కొద్దీ గాలి తీయడానికి ఇంజెక్టరు పైపు నట్టును నడుస్తున్న ఇంజిన్ మీద వదులు చేస్తారు. కామన్ రైల్‌కు అలా చేయనివ్వొద్దు. వెయ్యి బార్ మీద వచ్చే సన్నని డీజిల్ ధార చర్మంలోకి దిగిపోతుంది, చెయ్యి పోయే ప్రమాదం ఉంది.

ఆ రోజుల్లో బంధువుల్లో బండి ఉన్న ప్రతి ఒక్కరినీ ఇది కొనమన్నాను. ఇప్పుడైతే అడిగినవాళ్లకే చెబుతున్నాను. రికార్డింగ్ మంచిదే గానీ, ఎన్ని లెక్కలు ఎంచుకుంటే అంత నెమ్మదిస్తుంది. స్కానర్ ఒక్కొక్కటే అడిగి తెచ్చుకుంటుంది. పది పెట్టుకుంటే ఒక్కో అంకె మారడానికి సెకన్లు పడుతుంది, అప్పుడు ఏది ముందు పడిందో ఏది తర్వాతో గ్రాఫును నమ్మలేం. ప్రెషర్, ఆర్‌పీఎం, స్పీడ్ ఈ మూడే పెట్టుకోవాలి. కంప్యూటర్ సీఏఎన్ (CAN) అనే వేగమైన వైరింగ్ మీద మాట్లాడే బండ్లలో ఇంకా నయం, కె-లైను అనే పాత వైరింగ్ వాడే బండ్లలో మరీ నత్తనడక. కంప్యూటర్ ఎంత ప్రెషర్ కోరుకుంటోందో కూడా మా బండిలో కనిపించదు, వస్తున్నది మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి బండి బాగున్న రోజునే అదే రోడ్డు మీద అదే లోడుతో ఒకసారి రికార్డు చేసి ఉంచుకుంటే తప్ప పోల్చడానికి ఏమీ ఉండదు. కొన్ని యాప్‌లు కిలోపాస్కల్‌లో చూపించి కంగారు పెడతాయి. 30,000 అని కనిపిస్తే భయపడకండి, అది 300 బార్, వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లో ఆ చుట్టుపక్కలే ఉండాలి.

ఇంకో చిరాకు. ఆ పోర్టులో పదహారో పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. ముహూర్తాలు లేని రోజుల్లో బండి నిలిచిపోతే, మర్చిపోయి వదిలేసిన స్కానరు బ్యాటరీని నెమ్మదిగా పీలుస్తుంది. పైగా బ్లూటూత్ పాస్‌కోడ్ చాలావాటికి 1234, పక్కన ఆగిన బండివాడు కూడా కలుపుకోవచ్చు. పని కాగానే పీకి డ్యాష్‌బోర్డులో పెట్టేయడం మంచిది.

ఈ స్కానర్ల లోపల ఉండే చిప్పు పేరు ఈఎల్‌ఎమ్ 327. డబ్బా మీద దాని 1.5 వెర్షన్ అని ఉంటే అది అసలు చిప్పు కాదు. దాన్ని తయారు చేసిన కెనడా సంస్థ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 1.5 అనే వెర్షనే తేలేదు, ఆ సంస్థ 2022లో మూతపడింది కూడా. నా దగ్గరున్నదీ నకలే, నా పని నడిచింది. మా బండికి కలవడానికి మాత్రం రెండు యాప్‌లు మార్చాల్సి వచ్చింది.

నాకు కలిసొచ్చింది పక్కన కూర్చుని ఫోన్ చూసే తీరిక, నడపడానికి నమ్మకమైన మనిషి. ఒక్కరే నడుపుకునేవాళ్లు బయల్దేరే ముందే రికార్డింగ్ ఆన్ చేసి, ఫోన్ జేబులో వేసుకుని, గ్రాఫు ఇంటికొచ్చాక చూసుకోవాలి. బండి రోజూ ఒకే తీరుగా మొరాయిస్తుంటే దీని మీద పెట్టే డబ్బు దండగ, నేరుగా మెకానిక్ దగ్గరికి పొండి. 2010కి ముందు బండి అయితే కొనకముందే స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి పదహారు పిన్నుల పోర్టు అసలు ఉందో లేదో చూసుకోండి. ఉన్నా మీ బండి కంప్యూటర్ దీనితో మాట్లాడుతుందన్న హామీ లేదు, వాపసు తీసుకునే చోటే కొనండి.