క్యోటో స్టేషన్లో అత్తగారి శాలువా

క్యోటోలో మేము దిగిన అద్దె ఇంటికి ఎవరినీ వెళ్లమని చెప్పను. రాత్రికి 18,000 యెన్లు తీసుకున్నారు. ఉదయం 10 గంటలకల్లా ఖాళీ చేయించారు. సాయంత్రం దాకా రెండు పెట్టెలు గుమ్మం పక్కన ఉంచమంటే కుదరదని ఒక్క ముక్కలో జవాబు. మా టోక్యో రైలేమో సాయంత్రం 6కి. నడుమెత్తు సూట్‌కేసు, ఇంకో చిన్న పెట్టె, వీపు సంచి, డెబ్భై దాటిన అత్తగారు, మాటామంతీ లేని మా ఆయన. ఆ ఇల్లు వెతికి పెట్టింది ఆయనే మరి.

స్టేషన్లో లాకర్లకు కొదవ లేదు. కానీ పదిన్నరకే పెద్దవన్నీ నిండిపోయాయి. వీపు సంచి పట్టే చిన్నవే మిగిలాయి. తాళంచెవి తలుపుకే ఉంటే అది ఖాళీ అని గుర్తు. అద్దె 500 యెన్లు, అదీ 100 యెన్ల నాణేల్లోనే. చిల్లర కోసం 1000 నోటు పెట్టి యంత్రంలో మంచినీళ్ల సీసా కొంటే అందులో 500 నాణెం ఒకటి వచ్చి పడింది. లాకరు దాన్ని తీసుకోదు. ఆ నాణెంతో ఇంకో సీసా కొన్నాం. ఎవరికీ దాహం లేదు.

కరసుమ వైపు వరుసలన్నీ తిరిగి, షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కే హచిజో వైపు చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. అక్కడ ఒక జంట పెద్ద లాకరు తెరిచి సామాను తీసుకుంటోంది. మేము ఇంకా చూస్తూనే ఉన్నాం, అత్తగారు వెళ్లి, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, తన శాలువా ఆ తలుపుకు తగిలించేశారు! ఆ జంట నవ్వి, తల వంచి వెళ్లిపోయారు. పెద్ద పెట్టెను నిలబెట్టి, చిన్నదాన్ని దాని నెత్తిన కుక్కాం. 1000 యెన్లు.

ఫుషిమి ఇనారి గుడి చూశాం, బాగుంది.

ఐదున్నరకు తిరిగొచ్చి మా ఆయన తన ఇకోకా కార్డు (ముందే డబ్బు వేసుకుని రైలు టికెట్లకూ లాకర్లకూ వాడే కార్డు) తాకించారు. తలుపు కదల్లేదు. మళ్లీ తాకించారు. నుదుట చెమట. ఇలాంటి లాకర్లకు వేరే తాళంచెవి ఉండదు, ఏ కార్డుతో డబ్బు కడితే ఆ కార్డే తాళంచెవి. "పొద్దున నా కార్డుతో కదరా వేశావు" అంటూ అత్తగారు సంచీలోంచి తన కార్డు తీశారు. టక్కున తెరుచుకుంది. రసీదు పారేయకండి, లాకరు నంబరు దాని మీదే ఉంటుంది.

సాధారణంగా అద్దె గంటల లెక్కన కాదు, తేదీ లెక్కన. అర్ధరాత్రి దాటితే రెండో రోజు అద్దె పడుతుంది. మూడు రోజులు మించితే సామాను తీసి వేరేచోట పెడతారు. పెద్ద పెట్టెలున్నవాళ్లు 9లోపే స్టేషన్‌కు చేరండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు టోక్యో వైపు షింకన్‌సెన్‌లో ముందే ప్రత్యేక సీటు తీసుకోవాలి, అదనపు రుసుము లేదు.

టోక్యోలో బస మాత్రం, సామాను ఉంచుకుంటారా అని అడిగాకే, నేనే బుక్ చేశాను.