ఒక్క అక్షరం దగ్గర మోసపోయాను: కంప్యూటర్ పార్టులకి విశాఖ వెళ్లేవాళ్లు చూసుకోండి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు నుంచి కంప్యూటర్ పార్టుల కోసం విశాఖ వెళ్లే మనవాళ్లు ఇది చదివి బస్సెక్కండి. షాపు పేరు రాయను. ఈ పద్ధతి ఆ ఒక్క చోటే ఉందనుకోవడం లేదు.

తమ్ముడి చదువు కోసం పార్టులు కొని ఇంట్లో నేనే బిగిద్దామనుకున్నాను. మొదటిసారి. చీటీ మీద రాసుకెళ్లింది రైజెన్ 5 5600జి అనే ప్రాసెసర్. తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనడానికి డబ్బుల్లేవు, ఆ 'జి' ఉంటే ప్రాసెసర్ నుంచే డిస్‌ప్లే వస్తుంది. కౌంటర్లో ఆయన 5600 డబ్బా తీసి పెట్టాడు. "జి స్టాకు లేదు బాబూ. ఇది దానికన్నా ఫాస్టు, రేటూ తక్కువ." ఫాస్టు అన్నది నిజమే. కార్డు లేకుండా డిస్‌ప్లే రాదన్న ముక్క మాత్రం మింగేశాడు. బస్సు తప్పిపోతుందన్న టెన్షన్‌లో నేనూ సరే అనేశాను.

పైగా ముప్పై రెండు బిట్ల టూల్ కిట్ ఒకటి అంటగట్టాడు. అవి ఫోన్లు విప్పే సన్న బిట్లు, కేబినెట్ స్క్రూని కదిపితే ఒట్టు. పక్కింటి ఎలక్ట్రీషియన్ మావయ్య దగ్గర తెచ్చిన మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తోనే పనంతా అయిపోయింది. 2వ నంబరు సైజు, మొనకి అయస్కాంతం ఉన్నది ఒక్కటుంటే చాలు.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉండిపోయింది. "తిరుగుతోంది కదరా, ఇంకేటి?" అంది అమ్మ. ర్యామ్ తీసి పెట్టాను, వైర్లు మార్చాను, రెండు రాత్రులు పోయాయి. అప్పుడు తెలిసింది జి సంగతి. స్నేహితుడి దగ్గర పాత కార్డు అడిగి తెచ్చి పెట్టాను. అయినా నలుపే!

చివరికి శ్రీకాకుళంలో ఒక మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన మదర్‌బోర్డు (పార్టులన్నీ బిగించే పెద్ద బోర్డు) డబ్బా చూడగానే చెప్పేశాడు. బోర్డు బి450, 2018లో వచ్చిన రకం. 5600 వచ్చింది 2022లో. రెండూ ఏఎం4 అనే ఒకే రకం సాకెట్‌వే కాబట్టి ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది. కానీ బోర్డులో పాత బయోస్ (స్విచ్ వేయగానే బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే తనకన్నా తర్వాత పుట్టిన ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. ఆయన తన దగ్గరున్న పాత రైజెన్ పెట్టి బయోస్ అప్‌డేట్ చేశాక బొమ్మ వచ్చింది. కొన్ని బోర్డులకి ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే బటన్ ఉంటుందట. నాదానికి లేదు. డబ్బా మీద 'రైజెన్ 5000 డెస్క్‌టాప్ రెడీ' అన్న స్టిక్కర్ ఉంటే ఈ బాధే ఉండేది కాదు. అది లేకపోతే బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని, మీ ముందే వెలిగించి చూపించమని అడగండి. బస్సు పోతే పోయింది.

షాపుకి ఫోన్ చేస్తే ఒకటే మాట: "సీల్ తీసేశారు కదా." గట్టిగా అడుగుదామంటే నా దగ్గరున్నది ఎస్టిమేట్ అని రాసిన తెల్ల కాగితం. జీఎస్టీ నంబరు లేదు, సీరియల్ నంబర్లు లేవు. బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తానన్నాడు, ఆశపడ్డాను. ఇది నా తప్పే. సరైన బిల్లు ఉంటే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆంధ్రాలో కొన్నాం కాబట్టి అక్కడికే తిరగాలనీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఈ సంగతి నాకు అంతా అయ్యాక తెలిసింది.

ర్యామ్ ఒక్కటే తిన్నగా కుదిరింది. ఏఎం4 బోర్డుకి డీడీఆర్4 రకం ర్యామ్ కావాలి. డీడీఆర్5 గాడి వేరే చోట ఉంటుంది, దూరదు. కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలికగా ఉంది. బోర్డు మీద ప్రాసెసర్ పవర్‌కి 8 పిన్నుల సాకెట్ ఉంటే, దీనికున్నది 4 పిన్నుల వైరే. మెకానిక్ అది చూసి నవ్వాడు. వచ్చే నెల మార్చాలి.

కార్డు స్నేహితుడిది, సంక్రాంతికి తిరిగిచ్చేయాలి. ఈలోగా మీలో ఎవరైనా 5600జి ఇచ్చి నా 5600 తీసుకుంటానంటే చెప్పండి. పర్లాకిమిడి బస్టాండ్ దగ్గరికి నేనే తెచ్చిస్తాను, వెలిగించి చూసుకున్నాకే తీసుకెళ్లండి.