ఇంట్లో కట్టుకున్న 5.1 యాంప్లిఫయర్: హమ్మింగ్‌కు ఏది పనిచేసింది, ఏది డబ్బు దండగ

హన్మకొండలో మా హాల్లో ఉన్న 5.1 యాంప్లిఫయర్ నేనే కట్టుకున్నది. ఐదు చిన్న స్పీకర్లకు ఐదు టీడీఏ 7294 (యాంప్లిఫయర్ ఐసీ) బోర్డులు, సబ్ వూఫర్‌కు 5200, 1943 ట్రాన్సిస్టర్ల జతతో ఇంకో బోర్డు, అన్నిటికీ కలిపి ఒక 24-0-24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. కొన్నేళ్లుగా రోజూ మోగుతూనే ఉంది. సినిమాలు, పొద్దున భక్తి పాటలు, బతుకమ్మ రోజుల్లో స్పీకర్లు వాకిట్లోకి లాగడం, అన్నీ దీంతోనే. పాట మోగుతున్నప్పుడు ఏ ఫిర్యాదూ లేదు. పాట ఆగాక వినిపించే మోత గురించే ఈ సమీక్ష.

మోతలన్నీ ఒకటి కావు. మందంగా గుయ్యిమంటే అది 50 హెర్ట్జ్: గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ వైర్లు రెండు చోట్ల కలిసి చుట్టులా మారడం) కావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కావచ్చు. కాస్త గరుకుగా జుయ్యిమంటే బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు) తర్వాత వచ్చే 100 హెర్ట్జ్. ట్వీటర్‌లో సన్నగా స్‌స్‌స్ అంటే (హిస్సింగ్) ప్రీయాంప్, అంటే యాంప్లిఫయర్ బోర్డులకు ముందు సిగ్నల్‌ను సిద్ధం చేసే బోర్డు. కిర్రుకిర్రుమని మారుతూ ఉంటే నూటికి తొంభై పాళ్లు బ్లూటూత్ బోర్డే. వాల్యూమ్ సున్నాకు తెచ్చినా మోత ఉంటే తప్పు వాల్యూమ్ తర్వాత ఉంది, పోతే ముందు ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా పార్టులు కొనకండి.

స్టీరియో సెట్టు కట్టినప్పుడు ఇంత తలనొప్పి ఉండదు. ఇక్కడ ఆరు బోర్డులు. ప్రతి బోర్డు గ్రౌండూ ఒకసారి పవర్ సప్లై దగ్గర కలుస్తుంది, ఇంకోసారి షీల్డ్ వైర్ ద్వారా ప్రీయాంప్ దగ్గర కలుస్తుంది. అంటే ఎన్ని బోర్డులుంటే అన్ని లూపులు. పైగా ఫిల్టర్ కెపాసిటర్లు కరెంటును నిలకడగా తీసుకోవు. సెకనుకు 100 సార్లు గుటకలు గుటకలుగా లాగుతాయి. బోరు మోటార్ వేయగానే ఇంట్లో బల్బు డిమ్ అయినట్టు, ఆ గుటక వెళ్లే వైరులో ప్రతిసారీ కొద్దిగా వోల్టేజ్ పడుతుంది. ప్రీయాంప్ గ్రౌండ్ ఆ వైరుకే కలిపి ఉంటే ఆ కాస్త వోల్టేజీ ముప్పై రెట్లు పెరిగి స్పీకర్‌లోకి వస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ గ్రౌండ్ల వైరింగే. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (24-0-24లో మధ్య 0 వైరు) రెండు ఫిల్టర్ కెపాసిటర్ల మధ్య బిందువుకు మందపాటి వైరుతో వెళ్తుంది. అక్కడి నుంచి పొట్టి వైరుతో విడిగా ఒక ఇత్తడి బోల్టుకు. బోర్డుల పవర్ గ్రౌండ్లు, స్పీకర్ల నెగటివ్‌లు, ప్రీయాంప్ గ్రౌండ్ అన్నీ ఆ బోల్టుకే, ఎవరి వైరు వారిదే. ప్రతి బోర్డులో ఇన్‌పుట్ గ్రౌండ్‌కూ పవర్ గ్రౌండ్‌కూ మధ్య ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) కోసి 10 ఓమ్స్ రెసిస్టర్ పెట్టాను. దాంతో లూపులో తిరిగే కరెంటు బాగా తగ్గిపోతుంది. ఖర్చు రెసిస్టర్లదీ వైరుదీ మాత్రమే. స్టీరియోలో ఈ రెసిస్టర్ లేకున్నా నడుస్తుంది కానీ ఆరు చానెళ్లలో తప్పనిసరి అంటాను.

దండగ అనిపించింది పెద్ద కెపాసిటర్లు. 4700 మైక్రోఫారడ్‌లు తీసి 10000వి వేస్తే హమ్మింగ్‌లో చెవికి తెలిసే తేడా ఏమీ రాలేదు. సప్లైలో మిగిలే రిపిల్‌ను (డీసీ మీద మిగిలే చిన్న అలను) 7294 తనంతట తానే చాలావరకు అడ్డుకుంటుంది. గ్రౌండింగ్ సరిగ్గా లేని డబ్బాలో పెద్ద కెపాసిటర్ వేస్తే గుటకలు ఇంకా పదునెక్కి మోత పెరగొచ్చు కూడా. రింగ్ ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే, దాని క్షేత్రం బయటికి తక్కువ పాకుతుంది. కానీ ముందుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌నే ప్రీయాంప్‌కు దూరంగా జరిపి, అటూ ఇటూ తిప్పి మోత తగ్గే కోణంలో బిగించి చూడండి. ఎంత పోతుందో చూశాకే డబ్బు పెట్టొచ్చు. రింగ్ వేస్తే ఆన్ చేసే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి స్లో బ్లో ఫ్యూజ్ వాడాలి.

బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న ప్యానెల్‌కు అందరూ చెప్పేది బి0505ఎస్ అనే, ప్యానెల్ సప్లైని మిగతా గ్రౌండ్ నుంచి విడదీసే చిన్న ఐసోలేషన్ మాడ్యూల్. అది పెట్టగానే కిర్రుకిర్రు పోయింది. అయితే అది ఒక వాట్‌ది, అంటే 5 వోల్టుల దగ్గర 200 మిల్లీ యాంపియర్లే. పెన్‌డ్రైవ్ కూడా పెట్టి గంటలకొద్దీ పాడిస్తే కాలిపోయేంత వేడెక్కుతుంది. ఇప్పుడు ప్యానెల్‌కు విడిగా ఒక చిన్న 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 7805 (5 వోల్టుల రెగ్యులేటర్ ఐసీ) పెట్టాను. కాస్త చోటు తింటుంది కానీ దీని సంగతి మళ్లీ ఆలోచించే పని పడలేదు.

టీవీ కలిపితేనే హమ్మింగ్ వచ్చేవాళ్లు డిష్ కేబుల్ విప్పి చూడండి. ఆగిపోతే లూప్ అక్కడుంది. ఆప్టికల్ వైరుతో డీకోడర్ బోర్డుకు (టీవీ డిజిటల్ ఆడియోను చానెళ్లుగా విడదీసేది) ఇస్తే సమస్య మొదలంటా పోతుంది, ఎందుకంటే అందులో నడిచేది వెలుగు, కరెంటు కాదు. వైరును మాత్రం మడత పెట్టకండి.

ఇక్కడో మాట. మా వైపు హమ్మింగ్ అనగానే వచ్చే సలహా: "తమ్మీ, ఎర్తు పిన్ను తీసెయ్, మోత పోతది." మోత పోతుంది నిజమే. కానీ ఇనుప డబ్బాలో 230 వోల్టుల వైరు ఎప్పుడైనా ఊడి తగిలితే, పిల్లలు వాల్యూమ్ ముట్టుకునేది ఆ డబ్బానే. ఎర్త్‌ను డబ్బాకు గట్టిగా బిగించి, ఆడియో గ్రౌండ్ బోల్టుకూ డబ్బాకూ మధ్య 10 ఓమ్స్ రెసిస్టర్, దానికి సమాంతరంగా 35 యాంపియర్ల బ్రిడ్జి పెడితే లూప్ తెగుతుంది, రక్షణ మిగులుతుంది. ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం హమ్మింగ్ కోసం కాదు, మన కోసం.

ఫ్యాన్ స్పీడు మారిస్తే జుయ్యిమనే మోత మారుతోందా? రెగ్యులేటర్ మార్చండి. గుండ్రంగా తిరిగే పాత డిమ్మర్ రకం తీసేసి స్టెప్పుల కెపాసిటర్ రకం పెట్టాక మా హాల్లో ఆ రొద లేదు.

హిస్సింగ్ విషయంలో ప్రీయాంప్‌లో 4558 ఐసీ తీసి 5532 వేయడం అందరూ చేసేదే. చుట్టూ 100 కే రెసిస్టర్లు అలాగే ఉంచితే ఐసీ మార్చి లాభం తక్కువ, రొదలో పెద్ద వాటా వాటిదే. 100 కే వాల్యూమ్ తీసేసి ఆరు చానెళ్లనూ పీటీ 2258 ఐసీ ఉన్న రిమోట్ వాల్యూమ్ కిట్‌కు మార్చాను. ఇలాంటి కిట్లు ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో చూడొచ్చు. ఇంకో పని: 7294 బోర్డుల్లో 680 ఓమ్స్ రెసిస్టర్ ఉన్న చోట 1 కే వేస్తే గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) సుమారు 33 రెట్ల నుంచి 23కు దిగుతుంది, వెనకాల రొదా అంతే దిగుతుంది. 16 రెట్లకంటే తగ్గించకూడదు, ఐసీ ఆసిలేట్ అవుతుంది (తనంతట తానే ఊగి సిగ్నల్ పుట్టిస్తుంది). ఇంత చేసినా సెంటర్ స్పీకర్‌కు చెవి ఆనిస్తే సన్నని హిస్సింగ్ ఉంది. సోఫాలో కూర్చుంటే ఫ్యాన్ చప్పుడే ఎక్కువ. దాన్ని అలాగే వదిలేశాను.

ఎక్కువ కాలం వాడితే తెలిసేది గ్రౌండ్ బోల్టు సంగతి. డబ్బా వేడెక్కి చల్లారి వదులవుతుంది, మోత మళ్లీ మెల్లగా మొదలవుతుంది. స్ప్రింగ్ వాషర్ వేశాక నయం. హీట్ సింక్ దుమ్ము దులిపినప్పుడల్లా స్పానర్‌తో దాన్నీ ఓసారి బిగిస్తున్నాను.